ముహాజిర్ల నగరంలో నాలుగేళ్లు

మదీనా మునవ్వరాను గురించి వ్రాసేవారు సాధారణంగా ఆకుపచ్చ గుంబదుతో ప్రారంభిస్తారు. మేము ఒక కార్యాలయపు కిటికీతో ప్రారంభిస్తున్నందుకు పాఠకులు మన్నించాలి. 1993లో ఆ కిటికీ ముందు వరుసలో నిలబడినప్పుడు మాకు ఇరవై రెండేళ్లు. లోపల కూర్చున్న గుమాస్తా మా కాగితాలు అందుకుని, తల ఎత్తకుండానే "జిన్సియ్యా?" అని అడిగాడు. ఆ పదానికి అర్థం జాతీయత. ఎనిమిదేళ్లు అరబీ చదివి వెళ్లిన మాకు అర్థం తెలియకపోలేదు. అయినా ఏ ఆవేశంలోనో "ముస్లిం" అని జవాబిచ్చాము. అతడు అప్పుడు తల ఎత్తి చిరునవ్వు నవ్వాడు. ఈ వరుసలో నిలబడ్డవారంతా ముస్లిములేననీ, తనకు కావలసింది దేశం పేరనీ అన్నాడు. "హింద్" అన్నాము. ఆ దినం నుండి నాలుగేళ్లపాటు మేము "హిందీ"లమయ్యాము.

అంతవరకు మమ్మల్ని ఎవరూ ఆ పేరుతో పిలిచి ఉండలేదు. గుంటూరు జిల్లాలోని మా పల్లెలో మేము "సాయిబుగారి అబ్బాయి". తమిళనాడులో మేము చదివిన జామియాలో "ఆంధ్రా వాడు". ఉత్తరాది విద్యార్థుల నోట మాత్రం తమిళుడైనా, మలయాళీ అయినా, తెలుగువాడైనా అందరూ "మద్రాసీ"లే. మనిషి ఇల్లు విడిచి ఎంత దూరం పోతే అతని పేరు అంత పెద్దదవుతుందనీ, దానిలో అతని సొంతం అంత తక్కువవుతుందనీ మాకు ఆ కిటికీ ముందు తొలిసారిగా తోచింది.

నిజానికి ఆ పాఠం బొంబాయిలోనే మొదలైంది. 1983 నాటి వలస చట్టాన్ని అనుసరించి, నిర్దేశించిన చదువు సర్టిఫికెట్ లేనివారు గల్ఫ్ దేశాలకు పోవాలంటే పాస్‌పోర్టు మీద ముందుగా అనుమతి ముద్ర వేయించుకోవలసి ఉండేది. ఎనిమిదేళ్లు హదీసు, ఫిఖ్హ్ చదివిన మా వద్ద సనద్ ఉందిగాని ఆ సర్టిఫికెట్ లేదు. అందువల్ల తాపీ పనికీ, ఒంటెలు మేపడానికీ బయలుదేరిన కడప, కరీంనగర్ యువకుల వరుసలోనే మేమూ నిలబడ్డాము. అప్పుడు మనసులో కొంత చిన్నబోయాము. ఆ వరుసలో నిలబడటం మా చదువులో మొదటి పాఠమని తరువాత గ్రహించాము.

ఒకే పదం, రెండు అర్థాలు

మదీనా ఇస్లామీ విశ్వవిద్యాలయం 1961లో స్థాపితమైంది. నగరానికి పడమటి దిక్కున, అఖీఖ్ లోయ సమీపాన ఉంటుంది. దానిలో అత్యధిక స్థానాలు విదేశీ విద్యార్థులకే. ఉచిత వసతి, నెలనెలా భత్యం, వేసవి సెలవులకు విమానపు టికెట్టు, సాయంత్రం మస్జిదె నబవీకి తీసుకుపోయే బస్సు, అన్నీ వారే ఏర్పాటు చేస్తారు. ఆ ఆతిథ్యానికి మేము నేటికీ కృతజ్ఞులము. అక్కడికి చేరిన ప్రతి విదేశీయునికీ "ఇకామా" అనే నివాస పత్రం ఇస్తారు. అందులో పేరు, దేశం, వృత్తి ఉంటాయి. మా వృత్తి "తాలిబ్", అనగా విద్యార్థి.

కార్మికుల ఇకామాలో మరొకటి ఉండేది, వారి కఫీల్ పేరు. ఆ కాలపు నిబంధనల ప్రకారం కఫీల్ అనుమతి లేకుండా కార్మికుడు వేరొక పనిలో చేరరాదు, దేశం విడిచి వెళ్లరాదు. ఫిఖ్హ్ గ్రంథాలలో "కఫాలా" అని ఒక అధ్యాయం ఉంది. అప్పులో చిక్కుకున్న మనిషికి మరొకడు జామీను నిలబడి, అతని భారాన్ని తన భుజాన వేసుకోవడమే కఫాలా. అది ఉపకారం. దానికి ప్రతిఫలం అల్లాహ్ వద్ద ఆశించాలని మా ఉస్తాదులు బోధించారు. అదే పదం బజారులో మరొక అర్థంతో వినిపించింది. పుస్తకంలో ఒకరి భారాన్ని మోయించిన పదం ఇక్కడ ఒకరిని కట్టి ఉంచే తాడుగా మారింది.

హరమ్ షరీఫ్ సమీపాన ఒక బట్టల ఇస్త్రీ దుకాణంలో కడప జిల్లా యువకుడొకడు పనిచేసేవాడు. మా తెలుగు విని పరుగున వచ్చి, "మౌల్సాబ్, ఒక జాబు రాసిపెడతారా?" అని అడిగాడు. అప్పటి నుండి ప్రతి శుక్రవారం అతని ఉత్తరాలు మేమే వ్రాశాము. ఒక శుక్రవారం ఇంటి నుండి వచ్చిన ఉత్తరాన్ని చదివి వినిపించవలసి వచ్చింది. తండ్రి మరణించి అప్పటికి పద్దెనిమిది దినాలైంది. ఊరికి వెళ్లేందుకు యజమాని సంతకం కావాలి. యజమాని ప్రయాణంలో ఉన్నాడు. సంతకం దొరికేసరికి నలభయ్యో దినం కూడా గడిచిపోయింది. "ఇంకిప్పుడు పోయి ఏం చూసేది మౌల్సాబ్?" అని అతడు తిరిగి ఇస్త్రీపెట్టె పట్టుకున్నాడు. తండ్రి మగ్ఫిరత్ కోసం మేమిద్దరం మస్జిదులో దుఆ చేశాము. ఆ నగరంలో మేమూ అతడూ ఇద్దరమూ "హిందీ"లమే. కాని ఒకే పదం క్రింద రెండు జీవితాలుంటాయని ఆనాడు తెలిసింది.

పాస్‌పోర్టు బ్రతికి, దేశం పోయినవారు

మా గదిలో నలుగురం ఉండేవాళ్లం. వారిలో ఒకరు తాజికిస్తాన్ విద్యార్థి. అతని వద్ద ఉన్నది సోవియట్ యూనియన్ పాస్‌పోర్టు. ఆ దేశం 1991 డిసెంబరులోనే అంతరించింది. స్వదేశంలో 1992 నుండి అంతర్యుద్ధం నడుస్తున్నది. ఎర్రని అట్ట మీద కొడవలి, సుత్తి గుర్తున్న ఆ పుస్తకాన్ని చూపి, "నా దేశం చనిపోయింది, దీని గడువు మాత్రం ఇంకా ఉంది" అని నవ్వేవాడు.

పక్క గదిలో బోస్నియా విద్యార్థి ఉండేవాడు. అతని కథ మరింత విచిత్రమైనది. పూర్వపు యుగోస్లావియాలో 1971 జనాభా లెక్కలలో "ముస్లిం" అన్న పదాన్నే ఒక జాతి పేరుగా నమోదు చేసుకునే అవకాశం కల్పించారు. అనగా గుమాస్తా కిటికీ ముందు మేము పొరపాటున ఇచ్చిన జవాబు అతని దేశంలో అధికారికమైన జవాబు. ఈ సంగతి చెప్పి మేము నవ్వితే అతడు నవ్వలేదు. 1992లో మొదలైన యుద్ధంలో ఆ పేరు కారణంగానే తన వారు ఊళ్లకు ఊళ్లు వదలిపోవలసి వచ్చిందని చెప్పాడు. ఇవ్వడానికైనా, లాక్కోవడానికైనా ప్రభుత్వాల చేతిలో పేరు ఎంత బలమైన ఆయుధమో ఆ రాత్రి మాకు అర్థమైంది.

అందరికంటె మా మనసులో మిగిలిపోయినవాడు మరొకడు. మస్జిదె నబవీలో మగ్రిబ్, ఇషాల మధ్య జరిగే హదీసు పాఠంలో మా పక్కన కూర్చునేవాడు. అరాకాన్ నుండి వచ్చిన తల్లిదండ్రులకు మదీనాలోనే జన్మించాడు. అతని అరబీ నగరవాసుల అరబీయే. అయినా అతడు సౌదీ పౌరుడు కాడు. అక్కడి చట్టం ప్రకారం పౌరసత్వం ప్రధానంగా తండ్రి నుండి వస్తుందిగాని పుట్టిన నేల నుండి రాదు. బర్మా పౌరుడూ కాడు. 1982 నాటి బర్మా పౌరసత్వ చట్టం అతని జాతివారిని లెక్క నుండి తొలగించింది. ప్రపంచ పటంలో ఏ రంగు వేసిన చోటా అతనికి చోటు లేదు. ఒకనాడు మా అమ్మ వద్ద నుండి వచ్చిన ఉత్తరాన్ని మేము జేబులో నుండి తీసి చదువుకుంటూ ఉంటే, అందులో ఏముందని అడిగాడు. తిరిగి ఎప్పుడు వస్తావని అమ్మ అడుగుతున్నదని చెప్పాము. అతడు కొంతసేపు మౌనంగా ఉండి, "తిరిగి రమ్మని పిలిచే చోటు నాకు భూమి మీద ఎక్కడా లేదు" అన్నాడు. మేము జవాబు చెప్పలేకపోయాము.

నగరమే ఒక రిజిస్టరు

మదీనా బజారులలో ఇంటిపేర్లు వింటూ తిరిగితే, ఆ నగరం ఎలా నిండిందో తెలుస్తుంది. బుఖారీ, తుర్కిస్తానీ, సిందీ, హిందీ, మగ్రిబీ, తక్రూనీ. ఈ చివరిది పశ్చిమ ఆఫ్రికా నుండి వచ్చినవారి పేరు. హజ్‌కు వచ్చి, పుణ్యభూమి పొరుగున ఉండిపోయినవారిని "ముజావిర్" అనేవారు. రష్యాలో బోల్షివిక్కుల పాలన వచ్చిన తరువాత మధ్య ఆసియా నుండి తరలివచ్చినవారు తమతో తెచ్చిన వంటకాన్ని నేడు సౌదీ అంతటా "రుజ్ బుఖారీ" అని తింటారు. 18వ శతాబ్దంలో ఈ నగరంలో హదీసు బోధించిన పేరుపొందిన ఉస్తాదులలో ముహమ్మద్ హయాత్ సిందీ ఒకరు. మక్కాలోని సౌలతియా మద్రసాను స్థాపించిన మౌలానా రహ్మతుల్లాహ్ కైరానవీ 1857 తిరుగుబాటు తరువాత ఆంగ్లేయుల నుండి తప్పించుకుని వచ్చినవారే. ఆ మద్రసాకు ధనమిచ్చింది కలకత్తాకు చెందిన సౌలతున్నిసా అనే మహిళ. వీరెవరినీ ఆనాడు ఎవరూ జిన్సియ్యా అడిగి ఉండరు.

వలసకు రెండు దిక్కులుంటాయని నేర్పింది ఒక టీ దుకాణం. దాని యజమాని హద్రమౌత్ ప్రాంతపు యెమెనీ వృద్ధుడు. మేము హైదరాబాదు ఉన్న రాష్ట్రం వారమని తెలిసి ఆలింగనం చేసుకున్నాడు. ఆయన తాతగారి అన్న నిజాం సైన్యంలో చేరి తిరిగి రాలేదట. బార్కస్ అన్న పేరు కూడా ఆయనకు తెలుసు! హైదరాబాదులోని ఆ పేట పేరు సైనికుల బ్యారక్‌ల నుండి వచ్చినదే. అక్కడ హద్రమీ సంతతివారు నేటికీ ఉన్నారు. వారు తెచ్చిన హరీస్ నుండే మన హలీమ్ పుట్టింది. 1948 తరువాత వారిలో కొందరిని "విదేశీయులు" అని ఓడలెక్కించి పంపివేశారు. ఆ వృద్ధుడు ఈ సంగతి విని తల ఊపి తన కథ చెప్పాడు. 1990 వరకు సౌదీలో యెమెనీలకు కఫీల్ అవసరం లేదు. తమ పేరనే దుకాణాలు నడుపుకునేవారు. కువైట్ సంక్షోభ కాలంలో రెండు ప్రభుత్వాల మధ్య సంబంధాలు చెడి ఆ సౌకర్యం రద్దయింది. కొద్ది మాసాలలో ఏడెనిమిది లక్షలమంది సామాన్లు కట్టుకుని వెళ్లిపోయారని అంచనా. ఆయన ఒక కఫీల్‌ను వెతుక్కుని, ముప్పయ్యేళ్లుగా తన చేతితో నడుపుకున్న దుకాణంలోనే పనివాడిగా మిగిలాడు. హైదరాబాదులో ఆయన బంధువులు, మదీనాలో ఆయన, ఇద్దరూ ఒకే పదం విన్నారు: పరాయివాడు.

మా సంగతి కూడా కొంత చెప్పాలి. మక్కాలో నిజాం కాలపు రుబాత్ ఉంది. పూర్వపు హైదరాబాదు సంస్థానం నుండి వచ్చే హాజీలకు అందులో ఉచిత వసతి. ఒకే రాష్ట్రం వారమన్న ధీమాతో మేమూ అడిగాము. గుంటూరు 1788లోనే నిజాం చేతి నుండి ఈస్టిండియా కంపెనీకి పోయిందని మాకు అక్కడ గుర్తు చేయబడింది. వక్ఫ్ షరతును పాటించడం ధర్మం కనుక వారిని తప్పుపట్టలేము. కాని రెండు వందల ఏళ్లనాటి సరిహద్దు ఒకటి మా పరుపు పరిచే చోటును నిర్ణయించగలదని ఎన్నడూ ఊహించలేదు.

సుఫ్ఫా వద్ద కూర్చుని

మస్జిదె నబవీలో సుఫ్ఫా అనే చోటు ఉంది. ఇల్లూ వాకిలీ లేని పేద ముహాజిర్లు అక్కడే ఉండి, అక్కడే చదువుకునేవారు. ఒక రకంగా అది మన విద్యార్థి వసతిగృహాలన్నిటికీ తల్లి. పై ప్రశ్నలన్నిటినీ మోసుకుని మేము ఆ చోటికి వెళ్లి కూర్చునేవాళ్లం.

ఈ నగరానికి యస్రిబ్ అన్న పేరు పోయి మదీనా అన్న పేరు వచ్చిందే ఒక వలస వల్ల. దైవప్రవక్త (సఅసం) స్వయంగా ముహాజిర్. మక్కాను వీడుతూ ఆయన ఆ నేల తనకు ఎంత ప్రియమైనదో చెప్పి, తన జనులు వెళ్లగొట్టి ఉండకపోతే వీడేవాడిని కానన్నారు. హజ్రత్ బిలాల్ (రజి) మదీనాకు వచ్చిన తొలి దినాలలో జ్వరంతో పడి, మక్కా లోయలోని గడ్డిమొక్కలను తలచుకుని కవిత్వం చదివారు. ఆ నేల మీదనే ఆయనను మండుటెండలో పడుకోబెట్టి గుండెపై బండరాయి పెట్టారు కదా! అయినా ఆ గడ్డి ఆయనకు ఇష్టమే. దైవప్రవక్త (సఅసం) ఆయనను మందలించలేదు. మక్కా వలెనే, అంతకంటె మిన్నగా మదీనాను మాకు ప్రియం చేయమని అల్లాహ్‌ను వేడుకున్నారు. స్వదేశంపై ప్రేమ ఈమాన్‌కు అడ్డు కాదని మాకు ఇంతకంటె స్పష్టమైన దలీల్ అక్కరలేకపోయింది.

సహచరుల పేర్లు చూడండి. బిలాల్ హబషీ, సల్మాన్ ఫారసీ, సుహైబ్ రూమీ. ఇస్లాం స్వీకరించాక వారి పేర్ల నుండి వారి దేశాలను ఎవరూ కోసివేయలేదు. మానవులను జాతులుగా, తెగలుగా చేసింది పరస్పరం గుర్తించుకోవడానికేనని సూరా హుజురాత్ బోధిస్తున్నది. గుర్తింపు తప్పు కాదు. దానిని గొప్పగా, కత్తిగా మార్చుకోవడం తప్పు. ఒక ప్రయాణంలో నీటి వద్ద జరిగిన తగాదాలో ఒకరు ముహాజిర్లారా అని, మరొకరు అన్సార్లారా అని కేకలు వేసినప్పుడు దైవప్రవక్త (సఅసం) దానిని అజ్ఞానకాలపు పిలుపని గట్టిగా ఖండించారు. గమనించండి, ఆ రెండు పేర్లూ ఖుర్ఆన్ ప్రశంసించిన పేర్లే. పవిత్రమైన పేరు కూడా ఇతరుల మీదికి గుంపును పిలిచే కేకగా మారితే దుర్గంధమే.

ఇక అన్సారీ అయిన సఅద్ బిన్ రబీ (రజి) తన ఆస్తిలో సగం ఇస్తానన్నప్పుడు, ముహాజిర్ అయిన అబ్దుర్రహ్మాన్ బిన్ ఔఫ్ (రజి) ఆయనకు దుఆ ఇచ్చి, బజారు దారి చూపమని మాత్రమే కోరారు. ఆ సంఘటనలో మేము ఇంతకు పూర్వం త్యాగాన్నే చూసేవాళ్లం. ఇస్త్రీ దుకాణపు మిత్రుణ్ణి చూశాక మరొకటి కనిపించింది. వచ్చినవాడికి తన పేరుతో, తన చేతులతో బజారులో నిలబడే హక్కు ఉండటమే అసలైన ఆతిథ్యం.

అమ్మ ఉత్తరం

మా ఇంట్లో తెలుగే మాట్లాడతారు. అమ్మకు ఉర్దూ అక్షరాలు రావు. ఏరోగ్రాముపై గుండ్రని తెలుగు అక్షరాలలో మిరప నారు సంగతి, వానల సంగతి వ్రాసేది. తోటి విద్యార్థులు మా ఉర్దూ యాసను చూసి నవ్వుతారన్న జంకుతో మేము ఆ ఉత్తరాలను మంచం మీద అందరి ముందూ చదివేవాళ్లం కాదు. ముస్లిం అంటే ఉర్దూ అన్న భావం మాలోనూ లోతుగా ఉండేది. దానిని పోగొట్టింది బోస్నియా, తాజిక్ సోదరులే. వారు తమ భాషలలోనే దుఆలు వ్రాసుకునేవారు. నీ భాషలో ఖుర్ఆన్ అనువాదం ఉందా అని ఒకరు అడిగినప్పుడు, తొలినాళ్లలో ఆ పనికి పూనుకున్నవారిలో చిలుకూరి నారాయణరావు అనే పండితుడున్నారని, ఆయన ముస్లిం కారని చెప్పాము. వారు ఆశ్చర్యపోయారు. చెబుతూ మేము సిగ్గుపడ్డాము. అల్ హమ్దులిల్లాహ్, తరువాతి కాలంలో మదీనాలోని కింగ్ ఫహద్ ఖుర్ఆన్ ముద్రణాలయం నుండే తెలుగు అనువాదం కూడా వెలువడింది.

1997లో చదువు ముగిసేసరికి అక్కడే ఉర్దూలో ధర్మబోధ చేసే ఉద్యోగం ఒకటి ఎదురు వచ్చింది. మంచి జీతం. మస్జిదె నబవీ పొరుగు. నెల రోజులు నిద్రపట్టలేదు. అమ్మకు వ్రాశాము. ఆమె జవాబు నాలుగు పంక్తులే. "నాయనా, నీకు ఎక్కడ మేలైతే అక్కడే ఉండు. కాని నువ్వు ఇన్నేళ్లు చదివింది మాకు అర్థమయ్యే మాటల్లో ఎప్పుడు చెబుతావు?" ఆ ఉత్తరాన్ని ఈసారి గదిలో అందరి ముందూ పైకి చదివి, అరబీలో అర్థం చెప్పాము. తాజిక్ సోదరుడు కళ్లు తుడుచుకున్నాడు. నెల తిరక్కుండానే మేము సామాన్లు కట్టుకున్నాము.

వీడ్కోలు నాడు అరాకాన్ మిత్రుడు జమ్‌జమ్ సీసా ఒకటి చేతిలో పెట్టి, "నీకు తిరిగి వెళ్లే ఊరు ఉంది. దానిని చులకన చేయకు" అన్నాడు. చాలా ఏళ్ల తరువాత ఉమ్రాకు వెళ్లినప్పుడు అతని కోసం వెతికాము. హరమ్ విస్తరణలో ఆ పాత వీధులే లేవు. అతని జాతివారిలో చాలామందికి అక్కడి ప్రభుత్వం ప్రత్యేక నివాస పత్రాలు ఇచ్చిందని విన్నాము. వారిలో అతడూ ఉండి ఉండాలని దుఆ చేస్తున్నాము.

మన గుమ్మంలో

ఇప్పుడు మేము పాఠం చెప్పే మద్రసాలో మూడవ వంతు పిల్లలు బీహారు నుండి వచ్చినవారు. గత సంవత్సరం పన్నెండేళ్ల బాలుడొకడు భోజనాల వేళ విడిగా కూర్చుని ఉన్నాడు. కారణమడిగితే చెప్పలేదు. స్థానిక పిల్లలు అతనిని పేరుతో గాక "ఏయ్ బిహారీ" అని పిలుస్తున్నారని తరువాత తెలిసింది. వారిలో మా మనవడు కూడా ఉన్నాడు. కోపం వచ్చింది. అంతలోనే "మద్రాసీ" అన్న పిలుపు చెవిలో మ్రోగింది. ఆ సాయంత్రం పిల్లలందరినీ కూర్చోబెట్టి, మేము ఆ కార్యాలయపు కిటికీ కథ చెప్పాము. మరుసటి దినం నుండి ఒక్కొక్క స్థానిక బాలునికి ఒక్కొక్క దూరపు బాలుణ్ణి జతచేసి, ఒకే పళ్లెంలో తినే ఏర్పాటు చేశాము. మా మనవడు తన జతగాని వద్ద పది బీహారీ మాటలు నేర్చుకుని వచ్చి మాకు అప్పజెబుతున్నాడు. ఆ బాలుడు తెలుగులో గుణింతాలు దిద్దుతున్నాడు.

పాఠకులారా! మన ఇళ్లలో గల్ఫ్‌కు పోయిన కొడుకో, అల్లుడో లేనివారు అరుదు. అక్కడ వారిని గౌరవంగా చూడాలని మనం దుఆ చేస్తాము. మన మస్జిదు వెనుక వరుసలో నిలబడే ఒడిశా తాపీవాడిని, బెంగాలీ కూలీని నమాజ్ తరువాత పేరడిగి పలకరించామా? వారు ఏ మతం వారైనా సరే, మన వీధిలో ఇల్లు అద్దెకు అడిగితే ఏమన్నాము? ముహాజిర్లుగా ఉండటం మన చేతిలో లేదు, అది తఖ్దీర్. అన్సార్లుగా ఉండటం మాత్రం ప్రతి ఉదయం మన గుమ్మంలోనే ఉంది.

అల్లాహ్ మన పుట్టిన నేలను మనకు ప్రియం చేయుగాక. ఆ నేల మీదికి వచ్చినవారికి దానిని విశాలం చేసే మనసును మనకు ప్రసాదించుగాక. తిరిగి వెళ్లే చోటు లేనివారికి తన కరుణలో చోటు చూపుగాక. ఆమీన్.